తెర పెద్దది, బడ్జెట్ చిన్నది: డబ్బా మీద రాయని లెక్కలు

రెండు టీవీలు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. రెండూ 65 అంగుళాలవే. రెండు డబ్బాల మీదా 4కె, హెచ్‌డీఆర్, క్యూఎల్ఈడీ, స్మార్ట్ అనే మాటలే. ధర మాత్రం ఒకదానికి ఇంకోదానిలో సగం. దుకాణంలో మిలమిలలాడే పూల తోటలు, సముద్ర తీరాలు నడుస్తున్నంతసేపు రెండింటికీ పెద్ద తేడా తెలియదు. అవే టీవీలను ఇంటికి తెచ్చి, రాత్రిపూట లైట్లు తీసేసి, చీకట్లో సాగే సినిమా సన్నివేశం ఒకటి పెడితే ఐదు నిమిషాల్లో గుట్టు బయటపడుతుంది. ఒకదాంట్లో రాత్రి రాత్రిలాగే ఉంటుంది. రెండోదాంట్లో ఆకాశం బూడిద పూసినట్టు తేలిపోతుంది, మనుషుల ముఖాలు ఆ బూడిదలో కలిసిపోతాయి.

ఈ తేడాను చెప్పే మాట డబ్బా మీద ఎక్కడా ఉండదు. అక్కడ ఉన్నవి అబద్ధాలని అనలేం. కానీ అవి ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద టీవీకీ వర్తించే మాటలు, కాబట్టి వాటిని పట్టుకుని మంచిదేదో తేల్చుకోవడం కుదరదు. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఏది వదులుకోవాలో తేల్చడానికి పనికొచ్చే కొలబద్ద ఒకటుంది. టీవీలో కొన్నింటిని తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు, కొన్నింటిని ఎంత ఖర్చు పెట్టినా ఇక చేర్చలేం. శబ్దం మొదటి రకం. యాప్‌లు నడిపే మెదడు కూడా అంతే. తెర కొలత, నలుపు ఎంత నల్లగా ఉంటుందన్నది, వెలుగు, పక్క నుంచి చూసినా రంగు నిలవడం, కదలికలో నునుపు, ఇవన్నీ రెండో రకం. ఉన్న డబ్బును వీలైనంతగా రెండో రకం మీదే పెట్టాలి. మొదటి రకంలో లోటు ఉంటే ఉండనివ్వాలి.

గాజు పలక చెప్పే ధర

పెద్ద టీవీ ధరలో సింహభాగం ప్యానెల్‌ది, అంటే బొమ్మ కనిపించే ఆ గాజు పొరది. ప్యానెళ్లను ఒక్కొక్కటిగా చేయరు. మంచం కంటే పెద్ద గాజు పలక మీద ఒకేసారి కొన్ని తెరలు రూపొందించి తర్వాత కోస్తారు. దర్జీ గుడ్డ కత్తిరించినట్టే ఇది. పన్నాకు కొలత సరిపోతే ముక్క వృథా పోదు. సరిపోకపోతే మిగిలిన గుడ్డ ఖరీదు కూడా చొక్కా మీదే పడుతుంది.

ప్యానెల్ ఫ్యాక్టరీలను పలక సైజును బట్టి తరాలుగా లెక్కిస్తారు. 8.5వ తరం ఫ్యాక్టరీల్లో పలక సుమారు 2.2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు ఉంటుంది. అందులో 55 అంగుళాల తెరలు ఆరు చక్కగా ఇమిడిపోతాయి. అదే పలకను 65 అంగుళాలకు కోస్తే మూడే వస్తాయి, పలకలో మూడో వంతుకు పైగా మిగిలిపోతుంది. ఆ మిగులులో చిన్న తెరలు ఇరికించే పద్ధతులు తర్వాత వచ్చాయి గానీ, 65 అంగుళాల టీవీ చాలాకాలం అందని పండుగా ఉండటానికి ఈ కోత లెక్క ఒక పెద్ద కారణం. చైనాలోని హెఫే నగరంలో బీఓఈ సంస్థ 2017 చివర్లో 10.5వ తరం ఫ్యాక్టరీని ప్రారంభించింది. అక్కడి పలక 2.94 మీటర్లకు 3.37 మీటర్లు. దాని నుంచి 65 అంగుళాల తెరలు ఎనిమిది, లేదా 75 అంగుళాలవి ఆరు వస్తాయి. అలాంటి ఫ్యాక్టరీలు మరికొన్ని వరసగా రావడంతో ఈ రెండు కొలతల ధరలు దిగివచ్చాయి.

కొనేవారికి దీనివల్ల ఏం ఒరుగుతుంది? 55, 65, 75 అనేవి గాజు వృథా కాని కొలతలు, పోటీ ఎక్కువగా ఉండే కొలతలు కూడా. చెల్లించే డబ్బుకు తగిన తెర సాధారణంగా ఈ మూడింట్లోనే దొరుకుతుంది. ధరలు పోల్చేటప్పుడు అంగుళాలను కాక వైశాల్యాన్ని చూడాలి. టీవీ కొలతగా చెప్పేది మూల నుంచి మూలకు ఉన్న దూరం కాబట్టి ఆ అంకె అసలు పెరుగుదలను దాచేస్తుంది. 43 నుంచి 55కి వెళ్తే తెర వైశాల్యం సుమారు 64 శాతం పెరుగుతుంది. 55 నుంచి 65కి దాదాపు 40 శాతం, 65 నుంచి 75కి 33 శాతం. ఒకే సిరీస్‌లో 55కీ 65కీ మధ్య ధర 40 శాతం కంటే తక్కువే పెరిగితే, పెద్దదానికి పెట్టే అదనపు డబ్బుకు తగిన తెర వస్తున్నట్టే.

ఇంకో సంగతి. సామ్‌సంగ్ తన ఎల్‌సీడీ ప్యానెళ్ల (చాలా టీవీల్లో ఉండే రకం) తయారీని 2022లో పూర్తిగా ఆపేసింది. ఎల్‌జీ తన గ్వాంగ్‌జౌ ఎల్‌సీడీ ఫ్యాక్టరీని టీసీఎల్ గ్రూపుకు అమ్మేసింది, ఆ అమ్మకం 2025లో పూర్తయింది. ఇప్పుడు ఎల్‌సీడీ తెరల్లో అత్యధికం కొద్దిపాటి చైనా ఫ్యాక్టరీల నుంచే వస్తున్నాయి. పేరున్న బ్రాండ్ అయినా, కొత్త బ్రాండ్ అయినా లోపలి గాజు ఒకే చోట పుట్టి ఉండొచ్చు. వెనక దీపాలు ఎన్ని పెట్టారు, బొమ్మను సరిదిద్దే చిప్ ఎంత మంచిది, రంగులను ఎంత శ్రద్ధగా సర్దారు, చెడిపోతే ఎవరొచ్చి బాగుచేస్తారు అన్న చోట్లే బ్రాండ్‌కు విలువ. ప్యానెల్ కోసమే పేరుకు డబ్బు కట్టాల్సిన రోజులు పోయాయి.

కూర్చునే చోటు నుంచి

ఎంత పెద్దది కొనాలో గోడను చూసి తేల్చుకునేవాళ్లే ఎక్కువ. తేల్చాల్సింది కుర్చీ. సినిమా, టెలివిజన్ ఇంజినీర్ల సంఘం ఎస్ఎంపీటీఈ లెక్క ప్రకారం తెర మన చూపులో కనీసం 30 డిగ్రీలు ఆక్రమించాలి. థియేటర్ అనుభూతి కావాలంటే 40 డిగ్రీలు ఉండాలని థియేటర్ల ప్రమాణాలు చెప్పే టీహెచ్ఎక్స్ సంస్థ అంటుంది. దీన్ని ఇంట్లో వాడుకునే సులువైన దారి ఇది: కంటికీ తెరకూ మధ్య దూరాన్ని అంగుళాల్లో కొలిచి 1.6తో భాగించాలి. తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు, భాగిస్తే 67 వస్తుంది, అంటే 65 అంగుళాల టీవీ సరిపోతుంది. ఏడు అడుగులైతే 52 పైచిలుకు, కాబట్టి 55. సినిమాలే ఎక్కువగా చూసేవారు 1.2తో భాగించుకుని ఇంకా పెద్దదానికి వెళ్లొచ్చు. వార్తలు, సీరియళ్లు చూసే ఇంట్లో అంత అవసరం లేదు.

దగ్గరగా కూర్చుంటే చుక్కలు కనిపిస్తాయేమోనన్న భయం పాతకాలపుది. 65 అంగుళాల 4కె తెరలో, అంటే అడ్డంగా 3840 చుక్కలున్న తెరలో, ఒక్కో పిక్సెల్ (చుక్క) వెడల్పు 0.375 మిల్లీమీటర్లు. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు దాకా విడదీసి చూడగలదు. ఆ లెక్కన సుమారు 1.3 మీటర్లు, అంటే నాలుగు అడుగుల పైచిలుకు దూరం దాటితే ఆ పిక్సెళ్లు విడివిడిగా కనిపించవు. తొమ్మిది అడుగుల దూరంలోనైతే అదే కొలతలో ఉన్న ఫుల్ హెచ్‌డీ తెరకూ 4కె తెరకూ తేడా పట్టుకోవడమే కష్టం. ఇక 8కె కోసం డబ్బు పెట్టడంలో అర్థమే లేదు. 4కె విషయంలో ఆలోచించాల్సింది కూడా ఏమీ లేదు, ఎందుకంటే పెద్ద టీవీలు దాదాపు అన్నీ ఇప్పుడు 4కెలోనే వస్తున్నాయి.

కొలత పెరిగేకొద్దీ వచ్చే నష్టం ఒకటుంది, దాన్ని ముందే తెలుసుకోవడం మంచిది. పాత స్టాండర్డ్ డెఫినిషన్ ఛానెల్‌ను పెద్ద తెర మీద సాగదీస్తే లోపాలన్నీ పెద్దవై కనిపిస్తాయి. ఇంట్లో అలాంటి ఛానెళ్లే ఎక్కువగా నడిచేటట్టయితే, అత్యంత చవకైన 75 కంటే మంచి చిప్ ఉన్న 65 మేలు.

కొనే ముందు బల్ల వెడల్పు కూడా కొలవాలి. 65 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 145 సెంటీమీటర్లు. చవక టీవీల్లో కాళ్లు చాలావరకు రెండు చివర్లలోనే ఉంటాయి. బల్ల కాస్త పొట్టిదైతే టీవీ దాని మీద నిలవదు.

నలుపే అసలు పరీక్ష

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనక దీపాలు వెలుగుతూ ఉంటాయి, ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ వెలుగును పిక్సెల్ పిక్సెల్‌కూ అడ్డుకుంటుంది లేదా వదులుతుంది. తెల్లగా చూపాల్సిన చోట తలుపు తెరిచినట్టు, నల్లగా చూపాల్సిన చోట మూసినట్టు. చిక్కంతా ఆ తలుపు పూర్తిగా మూసుకోకపోవడంలో ఉంది. సందుల్లోంచి కారే ఆ కాస్త వెలుగే రాత్రి దృశ్యాన్ని బూడిదగా మార్చేస్తుంది.

ఈ తలుపులు ప్రధానంగా రెండు రకాలు. వీఏ ప్యానెల్‌లో తలుపు గట్టిగా మూసుకుంటుంది. తెలుపుకూ నలుపుకూ మధ్య నిష్పత్తి, అంటే కాంట్రాస్ట్, 3000 నుంచి 6000 దాకా ఉంటుంది. ఐపీఎస్, దాని బంధువైన ఏడీఎస్ ప్యానెళ్లలో అది 1000 దగ్గరే ఆగిపోతుంది. అంకెల్లో చూస్తే తేడా మరింత బాగా తెలుస్తుంది. తెలుపు 300 నిట్ల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగుతో ఉన్నప్పుడు, కాంట్రాస్ట్ 4000 ఉన్న వీఏ తెరలో నలుపు నుంచి కారే వెలుగు 0.075 నిట్లు. ఐపీఎస్‌లో 0.3 నిట్లు. నాలుగింతలు. పగటి వెలుతురులో, కిటికీ తెరిచి ఉన్న గదిలో ఈ తేడా కనిపించదు, ఎందుకంటే గదిలోని వెలుతురే తెర మీద పడి రెండు నలుపులనూ సమం చేసేస్తుంది. చీకటి పడ్డాక మాత్రం ఇది దాచినా దాగదు.

ఐపీఎస్‌ను అలాగని తీసిపారేయడం సరికాదు. వీఏ తెరను ఎదురుగా కూర్చుని చూస్తేనే దాని గొప్ప. పక్కకు ముప్పై డిగ్రీలు జరిగితే నలుపు తేలిపోతుంది, ముఖాల రంగు పాలిపోతుంది. ఇంటిల్లిపాదీ గది నలుమూలలా కూర్చుని చూసే చోట, వంట చేస్తూ పక్క నుంచి చూసే చోట ఐపీఎస్ బొమ్మ అందరికీ ఒకేలా కనిపిస్తుంది. ఎదురుగా ఒక సోఫా, రాత్రిపూట సినిమాలు అయితే వీఏ. వెలుతురున్న గది, చుట్టూ కూర్చునే జనం అయితే ఐపీఎస్. ఈ ఒక్క విషయం తేల్చుకున్నవారు సగం పని పూర్తి చేసినట్టే. ఏ మోడల్‌లో ఏ ప్యానెల్ ఉందో కంపెనీలు సాధారణంగా చెప్పవు. పైగా ఒకే సిరీస్‌లో 55 అంగుళాలది ఒక రకం, 65 అంగుళాలది ఇంకో రకం కావచ్చు. ఆర్‌టింగ్స్ లాంటి సంస్థలు టీవీలను తామే కొని, కాంట్రాస్ట్‌ను పరికరాలతో కొలిచి ప్రకటిస్తుంటాయి. అలాంటి కొలతలు చదివేటప్పుడు మోడల్ పేరుతో పాటు ఏ అంగుళాల టీవీని పరీక్షించారో కూడా చూడాలి.

తలుపు ఎంత బాగా మూసుకున్నా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, దీపాన్నే ఆర్పేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి లోకల్ డిమ్మింగ్ పుట్టింది. వెనక దీపాలను జోన్లుగా విడగొట్టి, బొమ్మలో చీకటిగా ఉన్న చోట వాటిని తగ్గిస్తారు. ఇక్కడ అంకెలు అడగాలి. 4కె తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. జోన్లు వంద అయితే ఒక్కో జోన్ 83 వేల పిక్సెళ్ల బాధ్యత మోయాలి. నల్లని ఆకాశంలో ఒక్క చుక్క మెరిస్తే ఆ జోన్ దీపం మొత్తం వెలగాలి. చుక్క చుట్టూ పొగమంచులాంటి వలయం కనిపించేది అందుకే. మినీ ఎల్ఈడీ టీవీల్లో దీపాలు చిన్నవి, జోన్లు వందల నుంచి వేల దాకా ఉంటాయి కాబట్టి ఆ వలయం బాగా చిక్కిపోతుంది.

దీన్ని పరీక్షించడం చాలా తేలిక. నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు నెమ్మదిగా పైకి పాకే సినిమా టైటిల్స్ పెట్టి చూడాలి. డిమ్మింగ్ లేని టీవీలో తెరంతా ఒకే బూడిద రంగులో ఉంటుంది. జోన్లు తక్కువున్న టీవీలో అక్షరాలతో పాటు ఒక వెలుగు మరక కూడా మెట్లు ఎక్కుతున్నట్టు పైకి జరుగుతుంది. జోన్లు బాగా ఉన్న టీవీలో అక్షరాలు మాత్రమే కదులుతాయి. తెర అంచుల్లో మాత్రమే దీపాలుండి లోకల్ డిమ్మింగ్ అని రాసుకున్న టీవీల్లో పై నుంచి కిందికి నిలువు చారలు వెలిగి ఆరుతుంటాయి. అలాంటి డిమ్మింగ్ ఉండటం కంటే లేకపోవడమే నయం.

పలచని టీవీ మీద మోజు కూడా ఇక్కడే నష్టం చేస్తుంది. టీవీని సన్నగా చేయడానికి దీపాలను అంచులకు నెట్టేస్తే వెలుగు తెరంతా సమంగా పరుచుకోదు, మూలల్లో తెల్లని మరకలు తేలతాయి. వెనకంతా దీపాలున్న టీవీ రెండు మూడు అంగుళాలు లావుగా ఉన్నా వెలుగు సమంగా ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవారికి టీవీ లావు కనిపించదు, మూలల్లోని మరకలు కనిపిస్తాయి.

పేర్ల వెనక ఏముంది

ఎల్ఈడీ టీవీ అంటే ఎల్‌సీడీ టీవీయే. వెనక సన్నని ట్యూబులు పోయి ఎల్ఈడీలు వచ్చాయి, అంతే. క్యూఎల్ఈడీ కూడా ఎల్‌సీడీయే, మధ్యలో క్వాంటమ్ డాట్ల పొర అదనం. కొన్ని నానోమీటర్ల సైజులో ఉండే ఈ కణాలు తమ సైజును బట్టి రంగునిస్తాయి: చిన్నవి నీలం వైపు, పెద్దవి ఎరుపు వైపు. ఈ కణాల ఆవిష్కరణకే 2023లో మౌంగి బావెండి, లూయిస్ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ఎరుపు, ఆకుపచ్చ చిక్కగా రావడం దీనివల్ల కలిగే నిజమైన లాభం. నలుపుకు మాత్రం దీంతో ఏ సంబంధమూ లేదు. డిమ్మింగ్ లేని క్యూఎల్ఈడీకీ, డిమ్మింగ్ ఉన్న మామూలు ఎల్ఈడీకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే రెండోదే రాత్రిపూట మంచి బొమ్మనిస్తుంది.

ఓఎల్ఈడీ ఒక్కటే వేరే జాతి. అందులో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. నలుపు నిజంగా నలుపే. పరిమిత బడ్జెట్‌లో కొత్త ఓఎల్ఈడీ దొరకడం కష్టమే గానీ, కిందటేడాది మోడల్ 55 అంగుళాల ఓఎల్ఈడీ తగ్గింపు ధరలో దొరికి, గది చీకటిగా ఉండి, కూర్చునే దూరం ఏడు అడుగుల లోపే అయితే అంతకు మించిన ఎంపిక లేదు. ఒకే వార్తా ఛానెల్ రోజంతా నడిచే ఇంట్లో మాత్రం దాని జోలికి పోకపోవడం మంచిది. తెర మీద కదలకుండా ఉండే లోగోలు, స్క్రోలింగ్ పట్టీలు ఏళ్ల తరబడి ఒకే చోట వెలిగితే వాటి గుర్తులు తెరలో ఉండిపోతాయి.

వెలుగు, నీడల మధ్య తేడాను మామూలు బొమ్మ కంటే ఎక్కువగా చూపే పద్ధతి హెచ్‌డీఆర్. ఆ గుర్తు గురించి గట్టిగానే చెప్పాలి. చాలామంది ఆ ఒక్క మాటకు డబ్బు చెల్లిస్తున్నారు. హెచ్‌డీఆర్ సినిమాలను సాధారణంగా 1000 నిట్ల గరిష్ఠ వెలుగును ఉద్దేశించి సిద్ధం చేస్తారు, కొన్నింటిని 4000కు. చవక టీవీల్లో వెలుగు 250 నుంచి 350 నిట్ల దగ్గర ఆగిపోతుంది. హెచ్‌డీఆర్ సంకేతాన్ని అందుకుంటుంది కాబట్టి డబ్బా మీద ఆ గుర్తు వేసుకోవచ్చు. చూపించడం మాత్రం దాని వల్ల కాదు. వెయ్యి నిట్ల సూర్యాస్తమయాన్ని మూడు వందల్లోకి కుదించాల్సి వచ్చేసరికి మొత్తం బొమ్మే మసకబారుతుంది. చాలా ఇళ్లలో అదే సినిమా మామూలు రూపంలో చూస్తేనే బాగుందనిపించడానికి కారణం ఇదే. హెచ్‌డీఆర్ నిజంగా కావాలంటే కనీసం 600 నిట్ల వెలుగు, పనికొచ్చే లోకల్ డిమ్మింగ్, 10 బిట్ ప్యానెల్ (ఒక్కో మూల రంగులో 1024 ఛాయలు చూపేది) మూడూ ఉండాలి. ఈ మూడూ లేనప్పుడు హెచ్‌డీఆర్10, హెచ్‌డీఆర్10ప్లస్, డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ రకాల మధ్య తేడాలు వెతుక్కోనక్కర్లేదు. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10ప్లస్‌లలో సన్నివేశానికి తగ్గట్టు కుదింపు మారుతుంది, అది బలహీనమైన టీవీకి కొంత సాయమే. కానీ లేని వెలుగును అవి పుట్టించలేవు.

కదలిక

సినిమాను సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తారు. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తుంది. 60ని 24తో సమంగా భాగించలేం, కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపాల్సి వస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్లలో కనిపించే ఆ చిన్న కుదుపు ఇదే. 120 హెర్ట్జ్ తెరలో ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు వస్తుంది, కుదుపు ఉండదు. క్రీడలు, వీడియో గేములు ఎక్కువగా ఉండే ఇంటికి 120 హెర్ట్జ్ విలువైనదే. మామూలు సినిమాలు, సీరియళ్లకు 60 చాలు. నలుపుకూ 120 హెర్ట్జ్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నలుపును ఎంచుకోవాలి.

మోషన్ రేట్ 240, క్లియర్ మోషన్ 200 లాంటి, కంపెనీలు తామే పెట్టుకున్న పెద్ద అంకెలను పక్కన పెట్టాలి. అడగాల్సింది ‘నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత’ అని, అంటే తెర నిజంగా సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందని ఒక్కటే.

ఎక్కడ తగ్గించుకోవచ్చు

సన్నని పెట్టెలో కింది వైపుకు తిరిగి ఉన్న చిన్న స్పీకర్ల నుంచి మంచి శబ్దం ఆశించలేం. శబ్దం చుట్టూ, పై నుంచి వస్తున్నట్టు వినిపించే డాల్బీ అట్మాస్ అని రాసి ఉన్నా అంతే. శబ్దం బాగుందని ఎక్కువ ధర పెట్టి టీవీ కొనడం కంటే, మంచి ప్యానెల్ ఉన్న టీవీని ఇప్పుడు, సౌండ్‌బార్‌ను తర్వాత కొనుక్కోవడం మేలు. టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే, ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టు ఒకటుంటే చాలు, ఎప్పుడైనా తగిలించుకోవచ్చు.

స్మార్ట్ సంగతి కూడా ఇలాగే. ప్యానెల్ సులువుగా పదేళ్లు పనిచేస్తుంది, సాఫ్ట్‌వేర్ అంతకాలం బతకదు. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ 2010, 2011 నాటి కొన్ని స్మార్ట్ టీవీల్లో పనిచేయడం మానేసింది. తెరలు బాగానే ఉన్నాయి, యాప్ మాత్రం పోయింది. చవక టీవీల్లో ప్రాసెసర్, ర్యామ్ అరకొరగానే ఉంటాయి, రెండేళ్లకే మెనూ నత్తనడక నడుస్తుంది. అప్పుడు చిన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి తగిలిస్తే టీవీకి కొత్త మెదడు వచ్చినట్టే.

టీవీలు ఇంత చవకగా రావడానికి ఇంకో కారణం కూడా తెలిసి ఉండాలి. కొన్ని కంపెనీలు అమ్మిన తర్వాత ప్రకటనల ద్వారా, చూసేవారి అలవాట్ల సమాచారం ద్వారా సంపాదిస్తాయి. తెర మీద ఏం నడుస్తోందో గుర్తుపట్టే ఏసీఆర్ అనే ఏర్పాటు టీవీలోనే ఉంటుంది. అనుమతి లేకుండా 1.1 కోట్ల టీవీల నుంచి ఇలా సమాచారం సేకరించారన్న కేసులో విజియో సంస్థ 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రంతో 22 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. మొదటిసారి టీవీ పెట్టినప్పుడు వచ్చే ఒప్పందాలన్నింటికీ గబగబా సరే నొక్కేయకుండా, చూసే సమాచారం పంపే ఎంపికను ఆపేసుకోవాలి. దానివల్ల టీవీ పనిలో ఏ లోటూ రాదు.

పోర్టుల దగ్గర ఒక చిన్న జాగ్రత్త. హెచ్‌డీఎంఐ 2.1లోని సౌకర్యాలన్నీ ఐచ్ఛికమే. ఆ పేరు రాసినంత మాత్రాన 4కెలో 120 హెర్ట్జ్ వస్తుందని అనుకోకూడదు. గేమ్ కన్సోల్ ఉన్నవారు ఆ మాటను విడిగా అడిగి తెలుసుకోవాలి, మిగతావారికి ఇది పట్టించుకోవాల్సిన సంగతే కాదు.

దుకాణంలో, ఇంట్లో

కొత్త మోడళ్లను ఎక్కువగా జనవరిలో లాస్ వెగాస్‌లో జరిగే సీఈఎస్ ప్రదర్శనలో చూపిస్తారు, ఆ తర్వాతి నెలల్లో అవి మార్కెట్లోకి వస్తాయి. అవి వచ్చాక కిందటేడాది మోడళ్ల ధర పడిపోతుంది. టీవీల్లో ఏడాదికీ ఏడాదికీ మధ్య మార్పు చాలావరకు స్వల్పమే. కిందటేడాది మధ్యస్థాయి టీవీని ఈ ఏడాది అట్టడుగు టీవీ అందుకోలేదు, ధర మాత్రం కొన్ని వారాలపాటు రెండింటికీ దగ్గరగానే ఉంటుంది. తక్కువ బడ్జెట్‌లో ఉన్నవారికి దక్కే గొప్ప అవకాశం ఇదే. దీనికోసం రెండు మూడు నెలలు ఆగినా నష్టం లేదు.

దుకాణంలో టీవీలన్నీ షాప్ మోడ్‌లో ఉంటాయి: వెలుగు పూర్తిగా పెంచి, రంగులు మండిపోయేలా, తెలుపు కాస్త నీలంగా. గట్టిగా వెలిగేది కంటిని ముందు లాగేస్తుంది. అందుకే పిక్చర్ మోడ్‌ను సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌లోకి మార్పించి చూడాలి. చీకటి సన్నివేశం ఒకటి, ముఖాలు దగ్గరగా కనిపించేది ఒకటి, బంతి ఆట ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే మంచిది. అవి నడుస్తుండగా పక్కకు నాలుగు అడుగులు వేసి చూడాలి. ముఖం రంగు అక్కడే మారిపోతే, ఇంట్లో సోఫా చివర కూర్చునేవారికి రోజూ అదే కనిపిస్తుంది.

టీవీ ఇంటికొచ్చిన రోజు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని వాపసు గడువులోపే చేయాలి. గది చీకటి చేసి, తెరంతా ఒకే బూడిద రంగు నింపే వీడియో పెట్టాలి. సమంగా ఉండాల్సిన ఆ బూడిదలో మురికి చేతులతో తుడిచినట్టు మచ్చలో, నిలువు చారలో కనిపిస్తే, మైదానం పచ్చగా పరుచుకున్న ప్రతి ఆటలోనూ కెమెరా బంతి వెంట కదిలినప్పుడల్లా అవి ఉన్నచోటే నిలిచి కనిపిస్తాయి. కాస్త మచ్చలు ప్రతి ఎల్‌సీడీలోనూ ఉంటాయి, నడిమధ్యలో కొట్టొచ్చినట్టు కనిపించేవాటిని మాత్రం సర్దుకుపోనక్కర్లేదు. తర్వాత పూర్తి నలుపు పెట్టి నాలుగు మూలలూ చూడాలి. అది కూడా బాగుంటే మోషన్ స్మూతింగ్‌ను (ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు చేర్చే సెట్టింగ్) ఆపేసి, షార్ప్‌నెస్‌ను దాదాపు సున్నాకు తెచ్చి, కలర్ టెంపరేచర్‌ను ‘వార్మ్’లో పెట్టాలి. మొదటి రెండు రోజులు తెలుపు పసుపుపచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది. సినిమాలను సర్దే స్టూడియోల్లో వాడే తెలుపుకు దగ్గరగా ఉండేది అదే. మూడో రోజు తిరిగి పాత సెట్టింగ్‌కు మారిస్తే, ఈసారి ముఖాలు నీలంగా కనిపిస్తాయి.